డీఎన్‌ఏ ప్రొఫైలింగ్‌లో అదనపు మార్కర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

దర్యాప్తు అధికారులకు, లాయర్లకు, ఫోరెన్సిక్ చదివే పిల్లలకు, రిపోర్టు చేతికొచ్చాక అర్థంకాక తిప్పి తిప్పి చూస్తున్న కుటుంబాలకు ఈ పేజీ పనికొస్తుంది. "ఇంకొన్ని మార్కర్లు వేయించండి" అనే మాట స్టేషన్లలోనూ కోర్టుల్లోనూ తేలిగ్గా వినిపిస్తుంది. ఏ మార్కర్లు, ఏ ప్రశ్నకు జవాబు కోసం అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

మార్కర్ అంటే అసలు ఏమిటి?

మన డీఎన్‌ఏలో కొన్ని చోట్ల ఒకే చిన్న అక్షరాల గుంపు వరసగా మళ్లీ మళ్లీ వస్తుంది. 11వ క్రోమోజోమ్ మీద టీహెచ్01 అనే చోటు ఉంది. అక్కడ ఏఏటీజీ అనే నాలుగక్షరాలు ఒకరిలో 6 సార్లు, ఇంకొకరిలో 9 సార్లు వస్తాయి. ఆ లెక్కే అల్లీల్. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తాయి కాబట్టి రిపోర్టులో "6, 9" అని జంటగా కనిపిస్తుంది. ఇద్దరి నుంచీ ఒకే సంఖ్య వస్తే "9, 9". అప్పుడప్పుడు "9.3" అని ఉంటుంది. అది అచ్చుతప్పు కాదు: తొమ్మిది పూర్తి గుంపులు, వాటితోపాటు మూడక్షరాల తునక ఒకటి ఉన్నాయని అర్థం. ఈ రకం మార్కర్లనే ఎస్‌టీఆర్‌లు అంటారు.

డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింట్, డీఎన్‌ఏ ప్రొఫైల్ ఒకటేనా?

వాడుకలో ఒకటే, పనిలో వేరు. 1984లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో అలెక్ జెఫ్రీస్ కనిపెట్టినది, ఆ తర్వాత హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీలో లాల్జీ సింగ్ బృందం బీకేఎం ప్రోబ్‌తో, అంటే సరిపోయే వరసలను వెతికి అంటుకునే డీఎన్‌ఏ తునకతో, చేసినది పాత పద్ధతి. (బీకేఎంలో "కే" కట్లపాము జాతి పాముది. ఆ ప్రోబ్ మూలం పాము డీఎన్‌ఏలోనే ఉంది.) ఫిల్ము మీద గీతల వరస వచ్చేది, డీఎన్‌ఏ చాలా కావలసి వచ్చేది. ఇప్పుడు దాదాపు అన్ని ల్యాబ్‌లూ పీసీఆర్‌తో, అంటే కావలసిన డీఎన్‌ఏ ముక్కకు కోట్ల నకళ్లు తీసే పద్ధతితో, ఎస్‌టీఆర్‌లే చేస్తున్నాయి. అలా వచ్చే సంఖ్యల జంటల వరసే ప్రొఫైల్.

ఎన్ని మార్కర్లు చూస్తారు? మొదట్లో తక్కువే ఉండేవి కదా?

బ్రిటన్ 1995లో డేటాబేస్ మొదలుపెట్టినప్పుడు 6 చోట్లు చూసేవారు. 1999లో 10 అయ్యాయి, 2014లో 16. ఐరోపా ఉమ్మడి జాబితా 2009లో 7 నుంచి 12కి పెరిగింది. అమెరికా డీఎన్‌ఏ డేటాబేస్ వ్యవస్థ కోడిస్ జాబితాలో 13 ఉండేవి. 2017 జనవరి 1 నుంచి అవి 20 అయ్యాయి.

మన దేశంలో ఇన్ని చూడాలని చెప్పే చట్టం లేదు. 2019లో పార్లమెంటుకు వచ్చిన డీఎన్‌ఏ టెక్నాలజీ బిల్లును 2023 జులైలో కేంద్రం వెనక్కి తీసుకుంది. కాబట్టి ల్యాబ్ ఏ కిట్ కొన్నదో దాన్నిబట్టే సంఖ్య ఉంటుంది. ఐడెంటిఫైలర్ ప్లస్, పవర్‌ప్లెక్స్ 16 కిట్లలో 15 ఎస్‌టీఆర్‌లు, వాటితోపాటు ఆడా మగా చెప్పే ఎమెలోజెనిన్ ఉంటాయి. గ్లోబల్‌ఫైలర్‌లో మొత్తం 24: మామూలు ఎస్‌టీఆర్‌లు 21, వై క్రోమోజోమ్‌వి రెండు, ఎమెలోజెనిన్. రిపోర్టు రాగానే మొదట చూడాల్సింది కిట్ పేరు. అది లేకపోతే అడిగి రాయించుకోండి.

ఆరు చోట్లు కలిస్తే సరిపోదా? ఆ కలయికే కోట్లలో ఒకరికి కదా?

సరిపోదని 1999లో బ్రిటన్‌లో తేలిపోయింది. ఒక దొంగతనం కేసులో దొరికిన ప్రొఫైల్ డేటాబేస్‌లోని ఒకాయనతో ఆరు చోట్లా కలిసింది. యాదృచ్ఛికంగా కలిసే అవకాశం 3 కోట్ల 70 లక్షల్లో ఒకటి అన్నారు. ఆ మనిషి తీవ్ర అనారోగ్యంతో ఉన్నాడు, నేరం జరిగిన ఊరు ఆయన ఇంటికి వందల కిలోమీటర్ల దూరం. లాయర్ పట్టుబట్టి 10 మార్కర్లతో మళ్లీ చేయించాక కొత్త చోట్లు కలవలేదు, కేసు కొట్టుకుపోయింది.

ఇందులో లెక్క ఎవరూ తప్పు వేయలేదు. అప్పటికి డేటాబేస్‌లో ఆరేడు లక్షల ప్రొఫైళ్లున్నాయి. ఒక్క నేరస్థల ప్రొఫైల్‌ను వాటన్నిటితో పోలిస్తే సంబంధం లేని ఎవరితోనో కలిసే అవకాశం సుమారు యాభైలో ఒకటి. అలాంటి నేరస్థల ప్రొఫైళ్లను వేలల్లో పోలుస్తూ ఉంటే, ఎప్పుడో ఒకప్పుడు ఇది జరగకుండా ఉండదు.

అరిజోనా రాష్ట్ర డేటాబేస్‌లోనూ ఇలాంటిదే కనిపించింది. 65,493 ప్రొఫైళ్లను ఒకదానితో ఒకటి పోలిస్తే 13 చోట్లలో 9 చోట్ల కలిసే జంటలు 122 బయటపడ్డాయి. వినగానే గుండె గుభేలుమంటుంది గానీ, అన్ని ప్రొఫైళ్లను రెండేసి చొప్పున పోలిస్తే జంటలు 214 కోట్లు, ఒక్కో జంటకు 13లో 9 చోట్లను ఎంచే మార్గాలు 715. డిఫెన్స్ లాయర్లు 122నే, ప్రాసిక్యూషన్ 214 కోట్లనే చెప్తుంటారు. రెండూ చెప్పాలి.

20 పైన చోట్లు చూస్తే అన్నదమ్ములు కూడా వేరుపడతారా?

దాదాపుగా. సొంత అన్నదమ్ములు ఒక్కో చోట పూర్తిగా కలిసే అవకాశం సగటున 40 శాతం అనుకోండి. 13 చోట్లా కలిసే అవకాశం లక్షన్నరలో ఒకటి, 20 చోట్లా అయితే సుమారు తొమ్మిది కోట్లలో ఒకటి. సంబంధం లేని ఇద్దరికి 13 చోట్లే ఎక్కువ. మార్కర్లు పెంచినందుకు అసలు లాభం అన్నదమ్ముల దగ్గర, సగమే వచ్చిన ప్రొఫైళ్ల దగ్గర కనిపిస్తుంది. "మా వాడు కాదు, వాడి తమ్ముడు" అనే వాదన ఉన్న కేసులో సంఖ్యల మీద ఆధారపడకండి, తమ్ముడి శాంపిల్ కూడా తీసి పంపండి. అంతకంటే చౌకైన దారి లేదు.

ఒకే అండం నుంచి పుట్టిన కవలలకు ఎస్‌టీఆర్‌లు ఎన్ని పెంచినా పనిచేయవు.

వై మార్కర్లు ఎప్పుడు వేయించాలి?

ఆడ డీఎన్‌ఏ కుప్పలో మగ డీఎన్‌ఏ చిటికెడు ఉన్నప్పుడు. లైంగిక దాడి కేసుల్లో స్వాబ్ మీద ఒక భాగం మగదైతే వెయ్యి భాగాలు ఆడది ఉండొచ్చు. మామూలు ఎస్‌టీఆర్ కిట్‌లో ఆడ ప్రొఫైల్ ఒక్కటే కనిపిస్తుంది, మగది దాని కింద మునిగిపోతుంది. వై మార్కర్లు మగ డీఎన్‌ఏనే పట్టుకుంటాయి కాబట్టి అక్కడ పనికొస్తాయి. వీర్యకణాలు లేని సందర్భాల్లో, అంటే వేసెక్టమీ అయినవాళ్లు, గోళ్ల కింద చర్మం, లాలాజలం లాంటి చోట్ల, ఇవే దిక్కు.

అయితే ముందు చేయాల్సింది విడదీసే పని. వీర్యకణం పొర గట్టిది. మొదట ప్రోటీనేస్-కే అనే ఎంజైమ్ ఒక్కటే వేస్తే ఆడ కణాలు పగిలి వాటి డీఎన్‌ఏ ద్రవంలోకి వస్తుంది. సెంట్రిఫ్యూజ్ చేసి ఆ ద్రవం తీసేసి, అడుగున మిగిలిన దాన్ని రెండు మూడుసార్లు కడిగి, అప్పుడు డీటీటీ అనే రసాయనం కలిపితే వీర్యకణాలు పగులుతాయి. కడగడం తగ్గితే రెండో భాగంలో ఆడ ప్రొఫైల్ కలిసిపోయి వస్తుంది, ఎక్కువైతే ఉన్న కాసిని కణాలూ పోతాయి. ఈ దశ సరిగా జరిగితే మామూలు ఎస్‌టీఆర్‌లే వస్తాయి, వై అవసరమే ఉండదు. మామూలు ప్రొఫైల్ బలం వై ప్రొఫైల్‌కు ఎప్పుడూ రాదు, అందుకని వరస ఇదే ఉండాలి.

వై మార్కర్లు 23 చోట్లా కలిశాయి. అతనే అన్నట్టేనా?

కాదు. వై మన ఇంటిపేరు లాంటిది. తాత నుంచి నాన్నకు, నాన్న నుంచి కొడుక్కి మార్పులేకుండా దిగుతుంది. అన్న, తమ్ముడు, బాబాయి, పెదనాన్న, బాబాయి కొడుకు అందరికీ సాధారణంగా అదే వై ఉంటుంది. ఒక ఊళ్లో ఒకే ఇంటిపేరున్న నలభై గడపలుంటే, అందులో ఎంతమందికి అదే వై ఉందో రిపోర్టు చెప్పలేదు. నిందితుడూ బాధితురాలూ ఒకే ఊరివాళ్లయినప్పుడు ఈ మాట జడ్జి ముందు తప్పక రావాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి: వై చోట్లన్నీ ఒకే తాడు మీద ముళ్లు. వాటి అవకాశాలను ఒకదానితో ఒకటి గుణించకూడదు. మొత్తం వరసను ఒకే మార్కర్‌గా చూసి డేటాబేస్‌లో ఎన్నిసార్లు కనిపించిందో లెక్కపెట్టాలి. 3,000 మందిలో ఒక్కసారీ కనిపించకపోతే "సున్నా" అని రాయకూడదు. 95 శాతం నమ్మకంతో గరిష్ఠం 3ని 3,000తో భాగించినంత, అంటే వెయ్యిలో ఒకరు. వై రిపోర్టులో లక్షల కోట్ల సంఖ్య కనిపిస్తే ఎక్కడో గుణించేశారని అర్థం.

త్వరగా మారే వై మార్కర్లు కూడా ఉన్నాయి. వైఫైలర్ ప్లస్ కిట్‌లోని 27 వై మార్కర్లలో అలాంటివి కొన్ని ఉంటాయి. తండ్రీకొడుకుల్ని, అన్నదమ్ముల్ని అప్పుడప్పుడు విడదీస్తాయి, ప్రతిసారీ కాదు.

శాంపిల్ మగవాడిది, రిపోర్టులో మాత్రం ఆడ అని ఉంది. శాంపిల్ మారిపోయిందా?

మారి ఉండొచ్చు, కానీ ముందే ఆ నిర్ణయానికి రావద్దు. ఎమెలోజెనిన్ పరీక్షలో ఎక్స్‌కు, వైకి మధ్య 6 అక్షరాల తేడా చూస్తారు. కొందరు మగవాళ్ల వై మీద ఆ భాగమే ఊడిపోయి ఉంటుంది. 2002లో సీసీఎంబీ శాస్త్రవేత్తలు 270 మంది భారతీయ పురుషులను పరీక్షిస్తే 5 మందిలో ఇది కనిపించింది. కొత్త కిట్లలో డీవైఎస్391, వై ఇన్‌డెల్ అని రెండు అదనపు వై మార్కర్లు పెట్టడానికి ఇదొక కారణం. ఎమెలోజెనిన్‌లో ఎక్స్ మాత్రమే ఉండి ఈ రెండూ పలికితే, అంటే ఫలితం ఇస్తే, అది మగ శాంపిలే.

ఎక్స్ మార్కర్లు దేనికి?

తండ్రి చనిపోయి, ఆయన శాంపిల్ దొరకని కేసులకు. తండ్రికి ఒకే ఎక్స్ ఉంటుంది, అది కూతురికి చెక్కుచెదరకుండా వెళ్తుంది. ఆ ఎక్స్ ఆయనకు వాళ్లమ్మ దగ్గర్నుంచి వచ్చింది. కాబట్టి నాయనమ్మ, మనవరాలు ప్రతి ఎక్స్ మార్కర్‌లోనూ కనీసం ఒక అల్లీల్ పంచుకోవాలి. పంచుకోని చోట్లు రెండు మూడు కనిపిస్తే ఆ బంధుత్వం లేదని చెప్పొచ్చు. తల్లులు వేరైనా తండ్రి ఒకడే అనుకునే అక్కచెల్లెళ్లకూ ఇదే సూత్రం. మనవడికి మాత్రం పనికిరాదు, నాన్న ఎక్స్ కొడుక్కి రాదు కాబట్టి.

మైటోకాండ్రియా డీఎన్‌ఏ?

16,569 అక్షరాల చిన్న ఉంగరం. ఒక్కో కణంలో వందలు వేల కాపీలుంటాయి, అందుకే వేరు లేని వెంట్రుకలోనూ పాత ఎముకలోనూ దొరుకుతుంది. తల్లి వైపు నుంచే వస్తుంది: అమ్మమ్మ, అమ్మ, మేనమామ, పిన్ని, పిల్లలు అందరికీ ఒకటే. మనిషిని ఖాయం చేయలేదు, తల్లివైపు వంశాన్ని చెప్తుంది. ఏ ఇతర మార్కరూ పలకనప్పుడే దీన్ని ఎంచుకోండి.

మేనరికం పెళ్లిళ్లలో డీఎన్‌ఏ పరీక్ష తప్పుతుందా?

తప్పదు. కానీ మామూలు కేసులా చూస్తే జవాబు తప్పుదారి పడుతుంది. విదేశీ మాన్యువళ్లలో దీని గురించి పెద్దగా ఉండదు, తెలుగు జిల్లాల్లో మాత్రం ఎప్పుడూ ఎదురయ్యేదే. అందుకే కొంచెం వివరంగా.

మేనమామను పెళ్లాడిన అమ్మాయికి పుట్టిన బిడ్డను తీసుకోండి. అమ్మానాన్నలే దగ్గరి రక్తసంబంధీకులు కాబట్టి బిడ్డలో ఒకే రకం జంటలు, అంటే "9, 9" లాంటివి, ఎక్కువగా వస్తాయి. మామూలు బిడ్డకు 20 చోట్లలో సుమారు 4 చోట్ల అలా వస్తాయనుకుంటే, ఈ బిడ్డకు సగటున 6 వరకు రావచ్చు. శాంపిల్ కొద్దిగా ఉన్నప్పుడు విశ్లేషకుడు వీటిని చూసి రెండో అల్లీల్ రాలిపోయిందేమో అని అనుమానపడతాడు. బంధుత్వం ఫారంలో రాసి ఉంటే ఆ అనుమానం ఉండదు.

రెండోది ఇంకా ముఖ్యం. తల్లి శాంపిల్ లేకుండా తండ్రి, బిడ్డ ఇద్దరినే పోలిస్తే, ఆ మేనమామ నిజంగా తండ్రి కాకపోయినా బిడ్డతో కొన్ని అల్లీల్స్ కలుస్తాయి. అవి తల్లి ద్వారా వచ్చినవి. ఈ బంధుత్వాన్ని లెక్కలోకి తీసుకోకపోతే పితృత్వ సూచీ (అతనే తండ్రి అనడానికి ఆధారం ఎంత బలమైనదో చెప్పే సంఖ్య) ఉత్తుత్తిగా పెరుగుతుంది. తల్లి శాంపిల్ పెట్టగానే ఈ చిక్కు చాలావరకు పోతుంది, ఎందుకంటే తల్లి ఇచ్చినదాన్ని పక్కనపెట్టి మిగిలిన అల్లీల్‌నే తండ్రిలో వెతుకుతాం. తల్లి శాంపిల్ ఒకటి చేసేంత మేలు పది అదనపు మార్కర్లు చేయలేవు. అసలు వివాదం ఇద్దరు మేనమామల మధ్యనైతే 15 చోట్ల కిట్‌తో సరిపెట్టుకోకండి, 21 ఉన్నది వాడించండి, ఇద్దరి శాంపిళ్లూ పంపండి. వాళ్లిద్దరి వై ఒకటే కాబట్టి వై పరీక్ష అక్కడ దండగ.

మూడోది చాలామంది గమనించరు. ఈ పెళ్లిలో భర్తకూ భార్యకూ బిడ్డకూ మైటోకాండ్రియా డీఎన్‌ఏ ఒకటే, భర్తది వాళ్లమ్మ నుంచి వచ్చింది, ఆమే భార్యకు అమ్మమ్మ. "తండ్రి మైటోకాండ్రియా బిడ్డకు రాదు" అని పాఠ్యపుస్తకంలో ఉన్నది నిజమే. ఇక్కడ తండ్రి ఇవ్వకుండానే కలుస్తుంది.

ఫారంలో బంధుత్వాన్ని తెలుగులోనే రాయండి. "ఆంటీ", "అంకుల్" అని రాస్తే ల్యాబ్‌కు ఏమీ తెలియదు. మేనత్త వేరు, పెద్దమ్మ వేరు. "పిన్ని" అని రాసినా అమ్మ చెల్లెలా, బాబాయి భార్యా అన్నది పక్కనే రాయాలి. రెండో ఆవిడతో రక్తసంబంధమే ఉండకపోవచ్చు.

పితృత్వ పరీక్షలో ఒక్క చోట కలవలేదు. తండ్రి కాదా?

ఒక్క చోటుతో కాదనకూడదు. ఎస్‌టీఆర్‌లు తరం మారేటప్పుడు అప్పుడప్పుడు ఒక గుంపు పెరుగుతాయి లేదా తగ్గుతాయి. ఒక్కో చోట వెయ్యికి రెండు చొప్పున వేసుకుంటే, 13 చోట్లు చూసినప్పుడు నిజమైన తండ్రికే ఒక తేడా కనిపించే అవకాశం రెండున్నర శాతం, 20 చోట్లు చూస్తే నాలుగు శాతం. మార్కర్లు పెరిగేకొద్దీ ఇలాంటి ఒంటి తేడాలూ పెరుగుతాయి. తేడా సరిగ్గా ఒక గుంపు ఉందా (తండ్రిలో 15, బిడ్డలో 16) లేక మూడు నాలుగు గుంపులా అన్నది చూడాలి. ఒక గుంపైతే మ్యుటేషన్ లెక్కతో సూచీ వేస్తారు. తండ్రి కానివాడికి 20 చోట్లలో సాధారణంగా చాలా చోట్ల తేడాలు వస్తాయి, ఒకటితో ఆగదు.

తండ్రిలో "15, 15", బిడ్డలో "17, 17" అని వస్తే మరో అనుమానం కూడా ఉండాలి: ప్రైమర్ (పీసీఆర్ మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ తునక) అంటుకునే చోట మార్పు ఉండి ఒక అల్లీల్ అసలు పలకకపోవడం. వేరే కంపెనీ కిట్‌తో ఆ చోటు మళ్లీ చేస్తే తేలుతుంది. ప్రైమర్లు వేరుగా ఉంటాయి కాబట్టి దాగినది బయటికొస్తుంది.

అన్ని మార్కర్ల సంభావ్యతలనూ గుణించేయొచ్చా?

సంబంధం లేని ఇద్దరిని పోల్చేటప్పుడు, మామూలు ఎస్‌టీఆర్‌లకు, ఔను. బంధుత్వ లెక్కల్లో ఒక జంట దగ్గర జాగ్రత్త: వీడబ్ల్యూఏ, డీ12ఎస్391 రెండూ 12వ క్రోమోజోమ్ మీద సుమారు 60 లక్షల అక్షరాల దూరంలో ఉన్నాయి. అవి తరచుగా కలిసే దిగుతాయి. అన్నదమ్ముల పరీక్షలో వీటిని విడివిడిగా గుణిస్తే సంఖ్య పెరిగిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో లింకేజీ సర్దుబాటు లేకపోతే రెండింటిలో ఒకటి వదిలేయడమే మేలు.

శాంపిల్ పాడైంది. ఎక్కువ మార్కర్లున్న కిట్ వేస్తే బాగుపడుతుందా?

ఇదే ఎక్కువగా వచ్చే అపోహ. పాడైన డీఎన్‌ఏ అంటే ముక్కలైన డీఎన్‌ఏ. ముక్కలు 150 అక్షరాల పొడవుంటే, 400 అక్షరాలు కావలసిన మార్కర్ ఎలా పలుకుతుంది? అలాంటి గ్రాఫ్‌ను ఒకసారి చూస్తే మరిచిపోరు: ఎడమవైపు చిన్న మార్కర్లు తాటిచెట్ల ఎత్తున లేస్తాయి, కుడివైపుకు వెళ్లేకొద్దీ పొదలై, చివర గడ్డిలా నేలకు అంటుకుపోతాయి. ఇక్కడ కావలసింది పొట్టి మార్కర్లు. ప్రైమర్లను గుంపులకు దగ్గరగా జరిపి చేసిన మినీ ఎస్‌టీఆర్‌లు 2001 సెప్టెంబర్ 11 న్యూయార్క్ అవశేషాల గుర్తింపులో బాగా ఉపయోగపడ్డాయి. గ్లోబల్‌ఫైలర్‌లో 10 మార్కర్లు 220 అక్షరాల లోపే ఉంటాయి. ఐడెంటిఫైలర్‌లో కుడివైపు పడిపోయిన చోట్లు కొన్ని అందులో పలకడానికి కారణం ఇదే.

అప్పటికీ రాకపోతే ఎస్‌ఎన్‌పీలు. ఒక్క అక్షరం తేడానే చూడటం వల్ల వంద అక్షరాల ముక్కలోనూ పని జరుగుతుంది. ఒక్కోదాని బలం తక్కువ, 15 ఎస్‌టీఆర్‌లకు సాటి రావాలంటే సుమారు 50 ఎస్‌ఎన్‌పీలు కావాలి. ఇద్దరి డీఎన్‌ఏ కలిసిన శాంపిల్‌లో మామూలుగా రెండే రూపాలుండే ఎస్‌ఎన్‌పీ పెద్దగా ఏమీ చెప్పదు.

పాడవడం, నిరోధం రెండూ వేరు. మట్టిలోని హ్యూమిక్ ఆమ్లం, రక్తంలోని హీమాటిన్, జీన్స్ రంగు ఇండిగో పీసీఆర్‌ను ఆపేస్తాయి. గ్రాఫ్ దాదాపు అలాగే పడిపోతుంది. మందు మాత్రం తారుమారు: నిరోధానికి డీఎన్‌ఏను నీళ్లతో పలచన చేయాలి లేదా మళ్లీ శుభ్రం చేయాలి, ముక్కలైన దానికి ఎక్కువ పోయాలి. తేడా తెలియకుండా ఎక్కువ పోస్తే నిరోధకమూ ఎక్కువై ఏమీ రాదు.

ల్యాబ్‌లో వరస ఎలా ఉంటుంది? ఎంత డీఎన్‌ఏ కావాలి?

మనిషి కణం ఒక్కదానిలో సుమారు 6.6 పికోగ్రాముల డీఎన్‌ఏ. ఒక నానోగ్రామ్ అంటే నూట యాభై కణాలు.

డీఎన్‌ఏ తీశాక మొదట కొలవాలి. క్వాంటిఫైలర్ ట్రియో లాంటి కిట్ నాలుగు సంగతులు చెప్తుంది: చిన్న ముక్కలు ఎంత, పెద్ద ముక్కలు ఎంత, మగ డీఎన్‌ఏ ఎంత, నిరోధం ఉందా. చిన్నదాన్ని పెద్దదానితో భాగిస్తే వచ్చే సంఖ్య 1 దగ్గరుంటే డీఎన్‌ఏ బాగుంది, 10 దాటితే బాగా ముక్కలైంది. మొత్తం డీఎన్‌ఏ చాలా ఉండి మగది కొంచెమే ఉంటే వై కిట్ సంగతి ఇక్కడే తేల్చుకోవచ్చు. అదనపు మార్కర్ల నిర్ణయం ఈ కొలత దగ్గర జరగాలి. ప్రొఫైల్ వచ్చాక, నచ్చకపోతే, అప్పుడు ఆలోచించేది కాదు.

గ్లోబల్‌ఫైలర్‌లో ఒక రియాక్షన్ 25 మైక్రోలీటర్లు: మాస్టర్ మిక్స్ 7.5, ప్రైమర్లు 2.5, డీఎన్‌ఏ ద్రావణం 15. లక్ష్యం మొత్తం 1 నానోగ్రామ్, 29 సైకిళ్లు. మైక్రోలీటర్‌కు 0.02 నానోగ్రాములే ఉంటే 15 మైక్రోలీటర్లూ పోసినా 0.3 నానోగ్రాములు, అంటే 45 కణాలు. వస్తుంది, కానీ జంట అల్లీల్స్‌లో ఒకటి పొట్టిగా, ఒకటి పొడుగ్గా ఉంటాయి. ఎక్కువ పోస్తే ఇంకో తలనొప్పి: గ్రాఫ్‌లో పీకులు (అల్లీల్‌ను చూపే శిఖరాలు) కొలత దాటిపోయి, ఒక రంగు పక్క రంగులోకి కారి, లేని అల్లీల్స్ కనిపిస్తాయి. తర్వాత 1 మైక్రోలీటర్ పీసీఆర్ ద్రవాన్ని 9.6 ఫార్మమైడ్, 0.4 సైజు స్టాండర్డ్‌తో కలిపి, 95 డిగ్రీల దగ్గర 3 నిమిషాలు, వెంటనే ఐస్ మీద 3 నిమిషాలు ఉంచి మెషీన్‌లో పెడతారు. పాతబడిన ఫార్మమైడ్ వాడితే పీకులు పొట్టిగా వస్తాయి, నేరం శాంపిల్ మీదికి పోతుంది.

ప్రతి బ్యాచ్‌లో ఖాళీ కంట్రోల్ ఒకటి, తెలిసిన డీఎన్‌ఏ కంట్రోల్ ఒకటి నడవాలి. కోర్టులో వాటి గ్రాఫ్‌లు కూడా అడగొచ్చు.

శాంపిల్‌లో ముగ్గురు నలుగురి డీఎన్‌ఏ కలిస్తే?

ఒక చోట 5 అల్లీల్స్ కనిపిస్తే కనీసం ముగ్గురున్నారు. "కనీసం" అన్న మాట ముఖ్యం, ఒకరి అల్లీల్ ఇంకొకరి కింద దాగొచ్చు. ఎక్కువ రకాలున్న ఎస్‌ఈ33, డీ1ఎస్1656, డీ12ఎస్391 లాంటి మార్కర్లు లెక్క తేల్చడానికి సాయపడతాయి. కానీ ప్రతి పీకు ముందు దానికంటే ఒక గుంపు తక్కువగా ఒక నీడ పీకు వస్తుంది, స్టట్టర్ అంటారు. దాని ఎత్తు సాధారణంగా అసలు దానిలో 5 నుంచి 15 శాతం. శాంపిల్‌లో తక్కువ వాటా ఉన్న వ్యక్తి డీఎన్‌ఏ కూడా అంతే ఎత్తులో ఉంటే ఏది నీడో ఏది మనిషో మార్కర్లు పెంచినా తేలదు. స్టార్‌మిక్స్ లాంటి సాఫ్ట్‌వేర్లు సంభావ్యతతో లెక్కగట్టేది అందుకే. అవి లేని ల్యాబ్ "తేల్చలేం" అని రాస్తే, అది చేతకానితనం అనుకోకండి.

శాంపిల్ తీసేటప్పుడు ఎక్కడ పాడవుతుంది?

ఎక్కువగా కవర్‌లోనే. తడి గుడ్డను పాలిథిన్‌లో కడితే బూజు పట్టి డీఎన్‌ఏ తినేస్తుంది. నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి. పోలికకు తీసే రక్తం ఊదా మూత ఈడీటీఏ ట్యూబ్‌లో. పోస్టుమార్టంలో డీఎన్‌ఏ కోసం తీసిన కండరాన్ని ఫార్మలిన్‌లో వేయొద్దు. ఆ ముక్కతో ఏ మార్కరూ సరిగా రాదు. ఐస్ మీద పంపండి. బాగా కుళ్లిన శవమైతే తొడ ఎముక గానీ పన్ను గానీ. ఎముక మజ్జ మార్పిడి జరిగిన వ్యక్తి రక్తం వద్దు, అందులో దాత ప్రొఫైల్ వస్తుంది. ఆ సంగతి రాసి, వెంట్రుక వేరు గానీ గోళ్లు గానీ పంపండి.

2013 అక్టోబర్ 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు కాలి 45 మంది చనిపోయినప్పుడు, గుర్తుపట్టలేని శరీరాలకు బంధువుల రక్తంతో డీఎన్‌ఏ పోల్చాల్సి వచ్చింది. ఇలాంటి చోట తల్లీతండ్రీ ఇద్దరివీ, లేదా భార్య, పిల్లలవి తీయాలి. తమ్ముడిది ఒక్కటే తీసుకుని 15 మార్కర్లతో తేల్చమంటే చాలాసార్లు అటూ ఇటూ కాని సంఖ్యే వస్తుంది. అక్కడ 21 చోట్లు, వాటికి తోడు వై వేస్తే ఉపయోగం.

కోర్టులో ఏం అడగాలి?

2025 జులైలో తమిళనాడుకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు డీఎన్‌ఏ శాంపిళ్లపై దేశమంతటికీ ఆదేశాలిచ్చింది. తీసిన 48 గంటల్లో ఫోరెన్సిక్ ల్యాబ్‌కు చేరాలి, ఆలస్యమైతే కారణం రాయాలి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రిజిస్టర్ ఉండాలి. ముందు అది చూడండి.

తర్వాత రిపోర్టుతోపాటు గ్రాఫ్‌లు, కొలత ఫలితం, కిట్ పేరు, ఎన్ని చోట్లు పలికాయి, ఎన్ని పలకలేదు, సంభావ్యత ఏ జనాభా లెక్కతో వేశారు అన్నవి అడగండి. "ప్రొఫైల్ సరిపోయింది" అనే ఒక్క వాక్యం ఉండి సంఖ్య లేకపోతే ఆ రిపోర్టు సగమే. సంఖ్య ఉన్నా దాన్ని తిరగేసి చదవకండి. "కోటిలో ఒకరికి ఈ ప్రొఫైల్ ఉంటుంది" అంటే "ఇతను నిర్దోషి అయ్యే అవకాశం కోటిలో ఒకటి" అని కాదు.

పాత కేసులో కొత్త కిట్‌తో మళ్లీ చేయించొచ్చా?

తీసిన డీఎన్‌ఏ మిగిలి ఉంటే చేయించొచ్చు. పిటిషన్ వేసేముందు ఎన్ని మైక్రోలీటర్లు మిగిలాయో, ఏ ఉష్ణోగ్రతలో ఉంచారో ల్యాబ్‌ను రాతపూర్వకంగా అడగండి. ఉన్నది 15 మైక్రోలీటర్లే అయితే ఒక్క పరీక్షతో అయిపోతుంది, ఇక అవతలి పక్షానికి మిగలదు. ఏ కిట్ అన్నది అప్పుడు మరింత ముఖ్యం. పాత 15లో పలికినవి చాలావరకు కొత్త దాంట్లోనూ ఉంటాయి కాబట్టి వాటిని తిరిగి పోల్చుకోవచ్చు. ఒక చోట పాత రిపోర్టులో "11, 11" ఉండి కొత్తదాంట్లో "11, 14" వస్తే శాంపిల్ మారిందని కేకలు వేయకముందు ప్రైమర్ తేడా గురించి అడగండి.